39 షిల్లింగులు: ఉరికంబం నీడలో లండన్ న్యాయం

1598 సెప్టెంబరులో బెన్ జాన్సన్ అనే నాటక రచయిత లండన్ శివారులోని హాక్స్‌టన్ పొలాల్లో గాబ్రియేల్ స్పెన్సర్ అనే నటుడిని కత్తితో పొడిచి చంపాడు. కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. చట్టం ప్రకారం ఉరి పడాలి. కానీ అతని ముందు లాటిన్ బైబిల్ పెట్టి చదవమన్నారు. ఒక వాక్యం గడగడా చదివేశాడు, ఉరి తప్పింది. బొటనవేలి మీద కాల్చిన ఇనుముతో వాత పెట్టి, ఉన్న కాస్త ఆస్తినీ జప్తు చేసి వదిలేశారు.

ఈ ఏర్పాటు మొదట మతగురువుల కోసం పుట్టింది. మధ్యయుగాల్లో వాళ్లను రాజు కోర్టు ఉరితీయకూడదు, చర్చి కోర్టుకే అప్పగించాలి. మరి ఫలానా మనిషి మతగురువేనని తేల్చడం ఎలా? ఆ రోజుల్లో చదువు వచ్చింది దాదాపు వాళ్లకే కాబట్టి, చదివించి చూసేవారు. కాలం గడిచేకొద్దీ చదవగలిగిన మగవాడెవడైనా ఈ దారిన బయటపడటం మొదలైంది. సాధారణంగా ఇచ్చేది 51వ కీర్తన మొదటి వాక్యం. దేవా, నన్ను కరుణించు అని మొదలవుతుంది. మెడను కాపాడే వాక్యం కనుక జనం దానికి ‘నెక్ వర్స్’ అని పేరు పెట్టారు. అక్షరం ముక్క రానివాళ్లు జైల్లో తోటి ఖైదీల దగ్గర కూర్చుని ఆ ఒక్క వాక్యాన్నీ బట్టీ పట్టేవారు. జడ్జికి అనుమానం వచ్చి ఇంకో పేజీ తిప్పాడా, అంతే సంగతులు.

ఒకసారి తప్పించుకున్నవాడు రెండోసారి ఇదే దారి పట్టకుండా 1489లో ఒక చట్టం చేశారు. బొటనవేలి మీద వాత పెట్టడం దానితోనే మొదలైంది. హత్య చేసినవాడికి ‘ఎం’, దొంగకు ‘టి’. కోర్టులో చెయ్యి ఎత్తమంటే పాత లెక్క కనబడిపోతుంది. మనిషి చర్మమే ఆనాటి పోలీసు రికార్డు. ఇక ఆడవాళ్లు మతగురువులు కాలేరు కాబట్టి ఎంత చదువుకున్నా వాళ్లకు ఈ దారి లేదు. 1624లో చిన్న దొంగతనాల వరకు ఒప్పుకున్నారు, మగవాళ్లతో సమానంగా ఇచ్చింది 1691లో. చదివించి చూడటం 1706లో ఎత్తేశారు.

16, 17, 18 శతాబ్దాల యూరప్ శిక్షలు అనగానే కొరడాలు, మంటలు, తెగిన తలలు కళ్ల ముందుకొస్తాయి. అవన్నీ నిజమే. కానీ ఇంగ్లండ్ సంగతి దగ్గర్నుంచి చూస్తే ఇంకొకటి తెలుస్తుంది. అక్కడ చట్టం దాదాపు ప్రతిదానికీ చంపుతానంటుంది, ఆచరణలో మాత్రం సందు దొరికినచోటల్లా వదిలిపెడుతుంది. ఆ సందులు ఎవరికి దొరికాయి, ఎవరికి దొరకలేదు అన్నదే ఆ కాలపు న్యాయం అసలు కథ.

కాగితం మీద చావు

1688 నాటికి ఇంగ్లండ్‌లో ఉరిశిక్ష పడే నేరాలు సుమారు 50. 1820 ప్రాంతానికి 200 దాటాయి. ఇందులో 200 రకాల కొత్త పాపాలేమీ లేవు. ఉన్న దొంగతనాన్నే ముక్కలు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో చట్టం రాసి, చివర్లో ‘చదివి తప్పించుకునే వీలు లేదు’ అని చేర్చుకుంటూ పోయారు. దుకాణంలో అయిదు షిల్లింగుల సరుకు ఎవరూ చూడకుండా ఎత్తుకుపోతే ఉరి అన్నది 1699 నాటి చట్టం. ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు పోతే ఉరి అన్నది 1713 నాటిది. ఒక షిల్లింగు అంటే 12 పెన్నీలు, 20 షిల్లింగులు ఒక పౌండు. 40 షిల్లింగులంటే లండన్ కూలీకి సుమారు నెల సంపాదన.

1723లో వచ్చిన బ్లాక్ యాక్ట్ వీటన్నిటికీ పైమెట్టు. ముఖానికి మసి పూసుకుని అడవుల్లో జింకలను వేటాడే ముఠాల మీద తెచ్చిన చట్టం అది. అందులోనే జింకల వేట, చేపల చెరువు గట్టు తెంచడం, తోటలో చెట్లు నరకడం, పశువులను చంపడం, బెదిరింపు ఉత్తరం రాయడం కూడా ఉరిశిక్ష నేరాల్లో చేరిపోయాయి. పార్లమెంటులో కూర్చున్నది భూస్వాములు. జింకలు వాళ్లవి, చెరువులు వాళ్లవి, చెట్లూ వాళ్లవే. ఈ చట్టం ఎవరి కోసం పుట్టిందో ఇంకా వివరించి చెప్పనక్కర్లేదు.

అయితే భూస్వాముల దురాశ ఒక్కటే కారణమంటే లెక్క సరిపోదు. అప్పటి ఇంగ్లండ్‌లో పోలీసు వ్యవస్థ లేదు. లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసు ఏర్పడింది 1829లో. అంతకు ముందు పేటకో కానిస్టేబుల్, రాత్రిళ్లు లాంతరు పట్టుకుని తిరిగే కావలివాళ్లు, అంతే. సొత్తు పోయినవాడే దొంగను వెతకాలి, పట్టుకోవాలి, మెజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లాలి, సాక్షులను పోగుచేయాలి, కేసు ఖర్చు పెట్టుకోవాలి. ఇంత తిప్పలు పడేదెవరు? చాలామంది పోయిందేదో పోయిందని ఊరుకునేవారు. పట్టుకునే బలం లేని ప్రభుత్వం, దొరికిన కొద్దిమందినీ నలుగురిలో ఉరేసి మిగతావాళ్లను హడలగొట్టాలని చూసింది. చట్టం అంత కరుకుగా ఉండటానికి రాజ్యం బలహీనతే పెద్ద కారణం.

ఆ లోటు పూడ్చడానికి డబ్బు ఎర వేశారు. దారిదోపిడీ దొంగను పట్టించి శిక్ష వేయిస్తే 40 పౌండ్ల బహుమతి అని 1692లో చట్టం తెచ్చారు. పేదవాడికి అది రెండేళ్ల జీతం. దాంతో దొంగలను పట్టించడమే ఒక వ్యాపారమైంది. అందులో పేరు మోసినవాడు జొనాథన్ వైల్డ్. ఒక చేత్తో దొంగలను నడిపించేవాడు. పోయిన సొత్తు వెతికిపెడతానని యజమానుల దగ్గర డబ్బు తీసుకునేవాడు. మాట వినని దొంగను ఇంకో చేత్తో ఉరికంబానికి అప్పగించి 40 పౌండ్లు జేబులో వేసుకునేవాడు. లండన్ అతన్ని ఏళ్ల తరబడి భరించింది, అధికారులైతే సలహాలు కూడా అడిగారు. చివరికి 1725 మేలో అతన్నే ఉరితీశారు.

పన్నెండుగురి లెక్క

లండన్‌లో పెద్ద నేరాలు విచారించే ఓల్డ్ బెయిలీ కోర్టు గది 1737 వరకు ఒక వైపు గోడ లేకుండా బయటి గాలికి తెరిచే ఉండేది. ఖైదీల ఒంటి మీది పేల ద్వారా జైలు జ్వరం అంటుకుంటుందని వాళ్లకు తెలియదు, చెడుగాలి వల్ల వస్తుందని నమ్మేవారు. భయపడటం మాత్రం సరైనదే. గదిని మూసేశాక 1750లో ఒక విడత విచారణల్లో ఆ జ్వరం సోకి లార్డ్ మేయరు, ఇద్దరు జడ్జిలతో సహా పదుల సంఖ్యలో చనిపోయారు. అప్పట్నుంచి జడ్జిలు సువాసన ఇచ్చే ఆకులు, పూలు దగ్గర పెట్టుకుని కూర్చునేవారు. ముద్దాయి నిలబడేచోట పైన అద్దం ఉండేది. కిటికీ వెలుతురు నేరుగా ముఖం మీద పడాలి, కవళికలు జ్యూరీకి కనబడాలి అని ఆ ఏర్పాటు.

అలా నిలబడ్డది ఓ పనిమనిషి అనుకుందాం. యజమాని ఇంట్లోంచి వెండి చెంచాలు, రెండు దుప్పట్లు, ఒక పట్టు గౌను పోయాయి. తాకట్టు కొట్లో దొరికాయి. ఇలాంటి కేసులు ఆ కోర్టు రికార్డుల్లో కొల్లలు. ఆమె తరఫున లాయరు లేడు. ఇలాంటి నేరాల్లో ముద్దాయి తరఫున లాయరు సాక్షులను ప్రశ్నించడానికి 1730ల నుంచి జడ్జిలు కొంచెం కొంచెంగా ఒప్పుకున్నారు. జ్యూరీకి వాదన వినిపించే హక్కు వచ్చింది 1836లో. యజమాని తన మాట చెబుతాడు. తాకట్టు కొట్టువాడు గుర్తుపడతాడు. నువ్వేమంటావని ఆమెనడుగుతారు. చాలా కేసులు నిమిషాల్లో ముగిసేవి.

తర్వాత పన్నెండుగురు జ్యూరీ సభ్యులు తలలు దగ్గర పెట్టి గుసగుసలాడతారు. అందరూ మగవాళ్లే, కొద్దో గొప్పో ఆస్తి ఉన్నవాళ్లే. ఫిర్యాదులో సొత్తు విలువ మూడు పౌండ్లు అని ఉంది, అంటే 60 షిల్లింగులు. జ్యూరీ పెద్ద లేచి “దోషి, 39 షిల్లింగుల మేరకు” అంటాడు. చెంచాల విలువ ఎంతో గదిలో అందరికీ తెలుసు, జడ్జికీ తెలుసు. 40కి ఒక్క షిల్లింగు తగ్గింది కాబట్టి ఉరితాడు పడదు. దుకాణం దొంగతనమైతే ‘4 షిల్లింగుల 10 పెన్నీలు’ అనేవారు. షిల్లింగు లోపు దొంగతనంగా తేల్చాలంటే ‘10 పెన్నీలు’. అప్పుడు కొరడా దెబ్బలతో సరిపోయేది.

బ్లాక్‌స్టోన్ అనే న్యాయకోవిదుడు దీన్ని భక్తితో కూడిన అబద్ధ ప్రమాణం అన్నాడు. ప్రాణం మీదికొచ్చినప్పుడు బొంకినా పాపం అంటదని శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన మాట తెలుగువాళ్లకు కొత్త కాదు. కాకపోతే అక్కడ బొంకమన్నది తన ప్రాణం కోసం. ఇక్కడ బైబిల్ మీద ప్రమాణం చేసిన పన్నెండుగురు ఎవరో ముక్కూ మొహం తెలియని పనిమనిషి కోసం బొంకారు. చట్టం మనిషి మనసును దాటిపోయినప్పుడు మామూలు జనం చేయగలిగింది అంతే. ఆ అబద్ధానికి చేతులెత్తి మొక్కాలి.

కానీ ఆ కరుణ అందరికీ దక్కలేదు. “ఈ పిల్లను పదేళ్లుగా ఎరుగుదును, నిజాయితీపరురాలు” అని చెప్పే పాత యజమానో, ఇరుగుపొరుగో, ఊరి పెద్దో వస్తే జ్యూరీ మెత్తబడేది. నిన్నగాక మొన్న బతుకుతెరువు కోసం లండన్ చేరినవాళ్లకు, ఐర్లండ్ కూలీలకు, సైన్యంలోంచి పంపేసిన సిపాయిలకు అలా చెప్పేదెవరు? 18వ శతాబ్దంలో ప్రతి యుద్ధం ముగిశాక లండన్‌లో దొంగతనం కేసులు పెరిగాయి. వేల మంది నావికులు, సైనికులు చేతిలో పనిలేక ఒక్కసారిగా ఊళ్లో పడ్డారు. దేశం కోసం ఓడల్లో పనిచేసి వచ్చినవాడికి కోర్టులో మంచి మాట చెప్పే మనిషి దొరకలేదు. ఇది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఉరిశిక్ష పడ్డాక కూడా ఇంకో మెట్టు ఉండేది. లండన్ కేసుల జాబితా రాజు ముందుకు, ఆయన మంత్రుల ముందుకు వెళ్లేది. అక్కడ సగం మంది దాకా, కొన్ని కాలాల్లో అంతకంటే ఎక్కువమందికి, క్షమాభిక్ష దొరికేది. సిఫార్సు ఉత్తరం రాయగల పెద్దమనిషి తెలిసి ఉంటే ఆశ ఉన్నట్టే. గర్భిణి అయితే బిడ్డ పుట్టేదాకా ఉరి ఆపాలి. నిజంగా గర్భవతో కాదో చూడటానికి పెళ్లయిన ఆడవాళ్లతో ప్రత్యేకంగా జ్యూరీ వేసేవారు. ఆ కోర్టులో ఆడవాళ్లు జ్యూరీగా కూర్చున్న సందర్భం అదొక్కటే.

ఈ క్షమాభిక్షల మీద చరిత్రకారులు గట్టిగానే వాదించుకున్నారు. చంపే చట్టం, వదిలేసే దయ రెండూ కలిసి పేదవాణ్ణి పెద్దవాళ్ల కాళ్ల దగ్గర ఉంచాయని డగ్లస్ హే 1975లో వాదించాడు. ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది చిన్న దుకాణదారులు, మామూలు జనమే కదా, నేరం ఎంత పెద్దదో చూసే వదిలారు కదా అని జాన్ లాంగ్‌బైన్ 1983లో కొట్టిపారేశాడు. కేసులు వరసగా చదివితే లాంగ్‌బైన్ మాటలో బలం ఉంది. వయసు చూశారు, దెబ్బలు కొట్టాడా లేదా చూశారు, పాత నేరాలు చూశారు. అయినా వందమందిలో ఎవరిని వదలాలి అన్న చివరి లెక్కలో ‘ఇతని తరఫున ఎవరు మాట్లాడారు’ అన్న ప్రశ్న పోలేదు. ఆ ఒక్క ప్రశ్న ఉన్నంతకాలం హే మాటను పూర్తిగా పక్కన పెట్టలేం.

టైబర్న్ దారి

సిఫార్సు దొరకనివాళ్లను టైబర్న్ తీసుకెళ్లేవారు. ఇప్పటి లండన్‌లో మార్బుల్ ఆర్చ్ దగ్గరి కూడలి అది. 1571లో అక్కడ మూడు స్తంభాల మీద మూడు దూలాలతో త్రికోణం కట్టారు. దూలానికి ఎనిమిది మంది చొప్పున ఒకేసారి 24 మందిని ఉరితీయవచ్చు.

ముందు రోజు రాత్రి సెయింట్ సెపల్కర్ చర్చి మనిషి న్యూగేట్ జైలు దగ్గరికి వచ్చి చేతిగంట మోగించి, పశ్చాత్తాపపడమని పద్యం చదివేవాడు. రాబర్ట్ డౌ అనే వ్యాపారి 1605లో దీనికోసం 50 పౌండ్లు శాశ్వత నిధిగా ఇచ్చాడు. ఆ గంట ఇప్పటికీ ఆ చర్చిలో ఉంది. తెల్లవారాక కమ్మరి వచ్చి కాళ్ల సంకెళ్లు ఊడగొట్టేవాడు. చేతులను ప్రార్థనకు జోడించే వీలుండేలా తాడుతో కట్టి, మెడలో ఉరితాడు అప్పుడే వేసి బండెక్కించేవారు. చాలాసార్లు తన శవపేటిక మీదే కూర్చుని వెళ్లాలి.

అయిదు కిలోమీటర్ల దారి. జనం తోపులాటలో రెండు గంటలు పట్టేది. దారిలో ఆపి సారా తాగించేవారు. కొందరు పెళ్లి బట్టలు కట్టుకుని వచ్చేవారు. కూలి జనం, పని నేర్చుకునే కుర్రాళ్లు పని మానేసి వచ్చేవారు. ఉరికంబం చుట్టూ గ్యాలరీలు కట్టి సీట్లు అమ్మేవారు. మనిషి ఇంకా బతికి ఉండగానే అతని ‘చివరి మాటలు’ అచ్చువేసిన కాగితాలు జనంలో అమ్ముడుపోయేవి. జైలు మతగురువు కూడా ఖైదీల జీవితకథలు రాసి ప్రచురించి డబ్బు చేసుకునేవాడు. చావబోయేవాణ్ణి ఓదార్చాల్సిన మనిషి ఆ పని చేయడం ఆ తంతు మొత్తంలో అన్నిటికంటే నీచమైన ముక్క.

బండిని ముందుకు తోలితే మనిషి గాల్లో వేలాడేవాడు. కాళ్ల కింద పలక తెరుచుకునే పద్ధతి ఇంకా రాలేదు. మెడ విరగదు, ఊపిరాడక నెమ్మదిగా పోవాలి. అందుకే తమ్ముడో స్నేహితుడో ముందుకు ఉరికి కాళ్లు పట్టుకుని కిందికి లాగేవారు, త్వరగా ప్రాణం పోవాలని. 1705లో జాన్ స్మిత్ అనేవాణ్ణి సుమారు పావుగంట వేలాడాక, క్షమాభిక్ష వచ్చిందన్న కేకతో కిందికి దించారు. బతికాడు. ఆ తర్వాత అతని పేరే ‘సగం ఉరిపడ్డ స్మిత్’ అయింది.

ప్రాణం పోగానే శవం కోసం ఘర్షణ. శరీరం కోసి చూడటానికి డాక్టర్ల మనుషులు ఒక పక్క, శవాన్ని ఇంటికి తీసుకెళ్లడానికి బంధువులు ఇంకో పక్క. తీర్పు రోజున లేవాలంటే ఒళ్లు ముక్కలు కాకూడదని పేద జనం నమ్మేవారు. చావుకంటే ఈ కోతకే ఎక్కువ హడలిపోయేవారు. ఆ భయం ప్రభుత్వానికి బాగా తెలుసు. హంతకుడి శవాన్ని పాతిపెట్టకూడదు, కోతకు ఇవ్వాలి లేదా ఇనుప చట్రంలో బిగించి దారి పక్కన వేలాడదీయాలి అని 1752లో చట్టం పెట్టింది.

జనం హడలిపోవాలని ఊరేగింపు పెడితే, జనం మాత్రం జేజేలు కొట్టారు. 1724లో జాక్ షెపర్డ్ అనే 22 ఏళ్ల దొంగ ఒక్క ఏడాదిలో నాలుగుసార్లు జైళ్ల నుంచి పారిపోయాడు. అతన్ని ఉరితీసిన రోజు వచ్చిన జనాన్ని రెండు లక్షలుగా అంచనా వేశారు. భయపడటానికి వచ్చినవాళ్లు కారు వాళ్లు, అతన్ని సాగనంపడానికి వచ్చారు. టైబర్న్‌లో చివరి ఉరి 1783 నవంబరు 3న జరిగింది. తర్వాత న్యూగేట్ జైలు ముందే ఉరితీయడం మొదలుపెట్టారు. ఊరేగింపు ఆపొద్దని పేరున్న రచయిత శామ్యూల్ జాన్సన్ అంతటివాడే గొణిగాడు. జనానికి తృప్తిగా ఉండేదట, ఖైదీకి ధైర్యంగా ఉండేదట. టైబర్న్ దారి పక్కన అప్పటికే సంపన్నుల ఇళ్లు లేచాయి. ఊరేగింపు ఆగడంలో జాలి కంటే ఆ ఇళ్ల ప్రశాంతత బరువే ఎక్కువ.

వీధి వేసే శిక్ష

ఉరి దాకా పోని శిక్షలు ఇంకా చాలా ఉన్నాయి. మన ఊళ్లలో గుండు గీసి, సున్నం బొట్లు పెట్టి గాడిద మీద ఊరేగించినట్టే అక్కడ ‘పిలరీ’ ఉండేది. సంతలో ఎత్తయిన తిన్నె మీద చెక్క చట్రంలో మెడ, చేతులు ఇరికించి గంటసేపు నిలబెట్టేవారు. శిక్ష ఎంతో తేల్చేది జడ్జి కాదు, అక్కడ చేరిన జనం. 1703లో డేనియల్ డీఫో అనే రచయిత ఒక కరపత్రం రాసినందుకు మూడు రోజులు నిలబడ్డాడు. జనం అతన్ని ఏమీ అనలేదు, పైగా అతను చల్లగా ఉండాలని కోరుతూ మద్యం తాగారని చెబుతారు. 1731లో వేశ్యాగృహం నడిపిన ఎలిజబెత్ నీడమ్ అనే ఆమెను నిలబెడితే రాళ్లు రువ్వారు, రెండు మూడు రోజుల్లో చనిపోయింది. చట్టం దృష్టిలో రెండూ ఒకటే శిక్ష.

వాత సంగతిలో ఒక చిన్న విషయం చాలా చెబుతుంది. 1699లో దొంగలకు చేతికి కాకుండా చెంప మీద, ముక్కు పక్కన వాత పెట్టాలన్నారు. అందరికీ కనబడితే సిగ్గుతో మారతాడని ఆశ. మచ్చ ఉన్నవాడికి ఎవరూ పని ఇవ్వలేదు. పని లేనివాడు మళ్లీ దొంగతనానికే పోయాడు. ఏడెనిమిదేళ్లలోనే ఆ పద్ధతి మానేసి మళ్లీ బొటనవేలికి వచ్చారు. వాత పడ్డవాళ్లు మరింతగా తెగించిపోతున్నారని పార్లమెంటే ఒప్పుకుంది.

భర్తను చంపిన భార్యకు, దొంగ నాణేలు చేసిన స్త్రీకి శిక్ష మంటల్లో కాల్చడం. అదే నాణేలు చేసిన మగవాడికి ఉరి. రాజద్రోహులైన మగవాళ్లకు చేసినట్టు ఆడమనిషి ఒంటిని జనం ముందు కోయడం మర్యాద కాదు గనుక కాలుస్తామన్నారు. 1789లో దొంగ నాణేల కేసులో క్యాథరిన్ మర్ఫీ అనే ఆమెను ముందు ఉరేసి తర్వాత తగలబెట్టారు. 1790లో ఆ శిక్ష రద్దయింది.

తమ దేశంలో చిత్రహింస లేదని ఇంగ్లీషువాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. ఆ మాట ముప్పాతిక నిజం. ముద్దాయి ‘దోషిని’ అనో ‘కాదు’ అనో చెప్పకుండా మౌనంగా ఉంటే విచారణ మొదలుకాదు. నోరు తెరిచేదాకా పడుకోబెట్టి, మీద పలక వేసి ఇనుప బరువులు పేర్చేవారు. అలా చచ్చిపోతే అతన్ని దోషి అన్నట్టు కాదు, ఆస్తి జప్తు కాదు, పెళ్లాం పిల్లలకు మిగులుతుంది. అందుకే కొందరు పెదవి విప్పకుండా ఆ బరువు కింద ప్రాణం విడిచారు. 1586లో యార్క్‌లో కాథలిక్ మతగురువులను ఇంట్లో దాచిందన్న కేసులో మార్గరెట్ క్లిథరో అనే ఆమె తన పిల్లలు సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని మాట్లాడలేదు. ఈ పద్ధతి 1772లో పోయింది.

జర్మన్ రాజ్యాల్లో కథ వేరు. చక్రవర్తి అయిదో చార్లెస్ పేరుతో 1532లో వచ్చిన ‘కరోలినా’ శిక్షాస్మృతి ప్రకారం ప్రాణం తీసే శిక్ష వేయాలంటే ఇద్దరు ప్రత్యక్ష సాక్షులుండాలి, లేదా ముద్దాయి ఒప్పుకోవాలి. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. చీకట్లో జరిగిన నేరానికి ఇద్దరు సాక్షులు ఎక్కడ దొరుకుతారు? కాబట్టి ఒప్పించాలి. ఒప్పించడమంటే చేతులు వెనక్కి కట్టి తాడుతో పైకి లాగడం. అమాయకుణ్ణి చంపకూడదన్న జాగ్రత్తే చిత్రహింసకు తలుపు తీసింది.

ఆ పని చేసిన ఒక మనిషి రాసుకున్న డైరీ మిగిలింది. న్యూరెంబర్గ్ నగర తలారి ఫ్రాంట్స్ ష్మిట్ 1573 నుంచి 45 ఏళ్లలో 394 మందిని చంపాడు, ఇంకా వందల మందిని కొరడాతో కొట్టాడు, వేళ్లు, చెవులు కోశాడు. అది అతను కోరుకున్న పని కాదు. ఒక ప్రభువు అతని తండ్రిని జనంలోంచి లాగి, అతని చేత బలవంతంగా వేరేవాళ్లను ఉరితీయించాడు. అప్పటి నుంచి ఆ ఇంటికి తలారి మచ్చ పడింది. నలుగురితో కూర్చుని తాగకూడదు, కొడుకులకు ఏ చేతివృత్తి సంఘంలోనూ చోటు లేదు. శిశుహత్య చేసిన ఆడవాళ్లను గోనెలో కట్టి నదిలో ముంచే పద్ధతిని 1580లో మాన్పించి, కత్తితో ఒక్క వేటుకు మార్పించడంలో అతని చెయ్యి ఉంది. రిటైరయ్యాక వైద్యం చేసుకుంటూ బతికాడు. 1624లో చక్రవర్తికి అర్జీ పెట్టి కుటుంబం పరువు తిరిగి తెచ్చుకున్నాడు. శిక్ష వేసింది నగర పెద్దలు, అంటు పడింది మాత్రం వాళ్ల ఉత్తర్వు అమలు చేసిన మనిషికి.

ఇదే కాలంలో మన దగ్గర

1530లలో విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్ అక్కడి శిక్షలు కూడా చెప్పాడు. చిన్న దొంగతనానికి ఒక కాలు, ఒక చెయ్యి నరకడం. పెద్ద దొంగతనానికి గడ్డం కింద కొక్కెం గుచ్చి వేలాడదీయడం. రాజద్రోహం చేసిన ప్రభువులను కొరత వేయడం. సామాన్యులకు సంతలో తల తీయడం. పరదేశి కంటికి భయంకరమైనవే ముందు కనబడతాయన్నది గుర్తుంచుకోవాలి. అయినా ఒకటి గమనించదగ్గది. నరికేది సంతలో, వేలాడదీసేది నలుగురూ చూసేచోట. టైబర్న్ లెక్క అక్కడా ఉంది.

తేడా కావలిలో ఉంది. తెలుగునాట, తమిళనాట ఊరు కాపలా కాసే తలారికి, కావలివాడికి ఊరు మాన్యం ఇచ్చేది, గింజలు కొలిచేది. బదులుగా సొత్తు పోతే అతనే వెతికి తేవాలి, లేదా నష్టం కట్టుకోవాలి. మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ కూడా ఈ పద్ధతినే ‘పెద్ద నాయక్’ పేరుతో వాడుకుంది. ఇప్పటి చెన్నై పెద్దనాయకన్ పేటకు ఆ పేరు అలా వచ్చిందే. సొత్తు పోతే లండన్‌లో బాధితుడు వీధులు తిరగాలి, మద్రాసులో కావలివాడు జవాబు చెప్పాలి.

జైలు సంగతీ ఇలాంటిదే. ఇన్నేళ్లు జైలు అని శిక్ష వేయడం మనకు ఇప్పుడు మామూలు. ఆ రోజుల్లో ఎక్కడా అది మామూలు కాదు. విచారణ దాకానో, ఉరి దాకానో, బాకీ తీరేదాకానో మనిషిని కట్టిపడేసే చోటు జైలు. గోల్కొండ కోటలో తానీషా కంచర్ల గోపన్నను బంధించింది ఆలయానికి ఖర్చయిన ఖజానా సొమ్ము రాబట్టడానికి, గడువుతో కూడిన శిక్ష అమలు చేయడానికి కాదు. లండన్ న్యూగేట్‌లోనూ ఖైదీ తిండికి, పక్కకు, కాస్త తేలికైన సంకెళ్లకు కూడా జైలరుకు డబ్బు కట్టాలి. నిర్దోషి అని కోర్టు వదిలినా ఆ బాకీ తీర్చందే తలుపు తీయకపోవడం కద్దు. 1777లో జాన్ హోవర్డ్ ఇంగ్లండ్ జైళ్లన్నీ తిరిగి రాసినదాన్ని చదివిన తర్వాతే చాలామందికి ఈ అన్యాయం కళ్లకు కట్టింది. మనిషిని మూసిపెట్టి పని చేయించడం మాత్రం అప్పటికే వేరేచోట మొదలైంది. 1550లలో లండన్ బ్రైడ్‌వెల్‌లో, 1596లో ఆమ్‌స్టర్‌డామ్ రాస్ప్‌హౌస్‌లో బిచ్చగాళ్లను, చిల్లర దొంగలను పెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఖైదీలు బ్రెజిల్ నుంచి వచ్చిన గట్టి ఎర్రకర్రను ఆకురాయితో రాకి రంగు పొడి చేసేవారు.

ఉరికీ కొరడాకీ మధ్య ఇంగ్లండ్‌కు ఒక మెట్టు కావలసి వచ్చింది. 1718 చట్టంతో అది దొరికింది, ద్వీపాంతరం. ఏడేళ్లు లేదా పద్నాలుగేళ్లు అమెరికా వలసలకు పంపడం. గడువు తీరకుండా తిరిగొస్తే ఉరి. 1775 దాకా సుమారు 50 వేల మందిని పంపారు, ఎక్కువగా మేరీలాండ్, వర్జీనియాలకు. రేవులో దించి తోటల యజమానులకు అమ్మేవారు. కొనేవాళ్లు పళ్లు, కండలు తడిమి చూసుకునేవారు. 39 షిల్లింగుల పనిమనిషి గమ్యం ఇదే. ప్రాణం దక్కింది. ఊరు, తల్లి, భాష యాస అన్నీ సముద్రం అవతల ఉండిపోయాయి. అమెరికా తిరగబడ్డాక ఖైదీలను థేమ్స్ నదిలో పాత ఓడల్లో కుక్కారు, 1787లో 11 ఓడల్లో ఆస్ట్రేలియాకు పంపడం మొదలుపెట్టారు. ఈ శిక్షే తర్వాత కంపెనీ ద్వారా మన దేశానికి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ ఖైదీలు పెనాంగ్ వెళ్లారు, 1858 తర్వాత అండమాన్. మన పెద్దవాళ్ల నోట కాలాపానీ అన్న మాటకు ఉన్న వణుకు అక్కడి నుంచి వచ్చింది.

ఇటలీలోని మిలాన్‌లో బెకారియా అనే ఆలోచనాపరుడు 1764లో చెప్పిన మాట ఈ చట్టాల గుండెకు తగిలింది. నేరాన్ని ఆపేది శిక్ష ఎంత ఘోరంగా ఉందన్నది కాదు, అది తప్పకుండా పడుతుందన్న నమ్మకం అని అతను వాదించాడు. లండన్ కోర్టుల్లో జరుగుతున్నది సరిగ్గా దానికి వ్యతిరేకం. శిక్ష ఘోరం, పడుతుందో లేదో లాటరీ. పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ రోమిల్లీ 1808లో జేబుదొంగతనానికి ఉరిశిక్ష తీసేయించాడు. తర్వాత కేసులు పెరిగాయి. చూశారా, దొంగలు పెరిగారు అని ప్రత్యర్థులు ఎగిరారు. రోమిల్లీ జవాబు సూటిగా ఉంది. జేబు పోయినవాడు అంతవరకు ఒక ప్రాణం తీయడం ఇష్టంలేక ఊరుకున్నాడు, ఇప్పుడు కోర్టుకు వస్తున్నాడు.

ఈ మాట నిజమని చివరికి ఒప్పుకున్నది దయగల మతగురువులో, కవులో కాదు. నోట్ల ఫోర్జరీకి ఉరి అన్న చట్టం బ్యాంకుల కోసం పెట్టిందే. 1797లో ఒక పౌండు, రెండు పౌండ్ల కాగితం నోట్లు వచ్చాక వందల మందిని దానికింద ఉరితీశారు. దొంగనోటు మార్చినవాళ్లలో చాలామంది ఆ నోటు మీది అక్షరాలు కూడా చదవలేని పేదలు. జ్యూరీలు రాను రాను దోషి అనడం మానేశాయి, సాక్షులు రావడం మానేశారు. 1830లో రెండు వందలకు పైగా ఊళ్ల బ్యాంకర్లు సంతకాలు చేసి పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. మా సొత్తును కాపాడండి, ఫోర్జరీకి ఉరిశిక్ష తీసేయండి అని.